గుర్రం మీద నిమ్మకాయ–చెంచా

రైడింగ్ నేర్చుకునే పిల్లల చేత గుర్రం మీదే ఆటలు ఆడించవచ్చా? స్వారీ నేర్పేవాళ్ల మధ్య, పిల్లల్ని వాళ్ల దగ్గరికి పంపే తల్లిదండ్రుల మధ్య తరచూ తలెత్తే ప్రశ్న ఇది. ఫీజు కట్టింది స్వారీ నేర్పమని గానీ నిమ్మకాయ–చెంచా ఆడించమనా అనేవాళ్లు ఒకవైపు. ఆటలు లేకపోతే నెల తిరిగేసరికి పిల్లలు మానేస్తారనేవాళ్లు మరోవైపు. ఈ రెండో మాట ఆటల తరఫున చెప్పినట్టే ఉంటుంది గానీ, నిజానికి ఆటల్ని బాగా తక్కువ చేసే మాట అదే. పిల్లల్ని నిలబెట్టుకోవడానికి పెట్టే తాయిలంగా చూస్తే ఆటను ఎప్పుడైనా తీసి పక్కన పెట్టేయవచ్చు. నేను అంతకంటే పెద్ద మాటే అంటున్నాను. సరైన నియమాలతో ఆడించే గుంపు ఆట స్వారీ పాఠంలో అన్నిటికంటే కఠినమైన భాగం. మామూలు పాఠంలో మరుగునపడే లోపాలు అందులో బయటపడతాయి. బయటపడ్డాయి కాబట్టే దిద్దుకునే వీలు దొరుకుతుంది.

దీనికి ఎదురు వాదన బలహీనమైనదేం కాదు. అందుకే దాన్ని నా మాటల్లో పలచన చేసి చెప్పకుండా ఇద్దరు మనుషుల నోట వినిపిస్తాను. ఒకరు అశ్వికదళ సంప్రదాయంలో తర్ఫీదు పొంది, ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో పిల్లలకు స్వారీ నేర్పుతున్న పెద్దాయన. ఆయన్ని మాస్టారు అందాం. రెండో మనిషి అదే మైదానంలో చిన్నపిల్లల తరగతి తీసుకునే శిక్షకురాలు. ఇద్దరినీ నేనే కల్పించాను. వాళ్ల వాదనలు మాత్రం గుర్రాల దగ్గర బతికేవాళ్లు రోజూ చేసుకునేవే.

మాస్టారు: అమ్మా, నీ తరగతిలో ఆరుగురు పిల్లలు, ఆరు గుర్రాలు. ఒక్కో గుర్రం నాలుగైదు వందల కిలోలు ఉంటుంది. దాని మీద కూర్చున్న పిల్ల ముప్పై కిలోలు. ఆ ముప్పై కిలోల మనిషి తన మాట గుర్రానికి చేరవేసే దారులు మూడే ఉన్నాయి: కూర్చునే తీరు, కాళ్లు, చేతులు. ఈ మూడూ కుదిరేదాకా ఇంకేదీ ముట్టుకోకూడదని మా పద్ధతి. ఎందుకంటే కుదరని చెయ్యి చేసే హాని గుర్రం నోటికి. కళ్లెపు ఇనుము ముందుపళ్లకూ దవడపళ్లకూ మధ్యన, పళ్లు లేని ఖాళీలో ఉంటుంది. అక్కడ ఎముక మీద పల్చటి పొర తప్ప ఇంకేం లేదు. తూలిన పిల్ల పగ్గం పట్టుకుని నిలదొక్కుకుంటే ఆ దెబ్బంతా అక్కడే పడుతుంది. పదిసార్లు పడితే గుర్రం తల ఎగరేస్తుంది, వందసార్లు పడితే పగ్గాన్ని లెక్కచేయడం మానేస్తుంది. వియన్నాలో స్పానిష్ రైడింగ్ స్కూల్ ఉంది, 1572 నుంచీ చరిత్రకెక్కిన బడి. అక్కడ కొత్తగా చేరినవాళ్లకు నెలల తరబడి రికాబులూ ఇవ్వరు, పగ్గాలూ ఇవ్వరు. పొడుగాటి తాడు చివర గుండ్రంగా తిరిగే గుర్రం మీద ఊరికే కూర్చోవడం నేర్పుతారు. పెద్దవాళ్లకే అంత నిదానమైతే, నువ్వు పిల్లలకు అప్పుడే చెంచా చేతికిచ్చి పొమ్మంటున్నావు.

శిక్షకురాలు: మాస్టారూ, పిల్ల చెయ్యి గుర్రం నోటిని నొప్పించకూడదన్న దగ్గర మీకూ నాకూ పేచీ లేదు. ఆ చేతిని ఎలా దారిలో పెట్టాలన్న దగ్గరే పేచీ. మీరు ఎత్తిన చెంచానే తీసుకుందాం. ఒక చేతిలో పగ్గాలు, ఇంకో చేతిలో చెంచా, అందులో నిమ్మకాయ. నడిచే గుర్రం వీపు అడుగడుక్కీ ముందుకూ వెనక్కీ, పక్కకూ ఊగుతుంది. ఆ ఊపును నడుము దగ్గర తీసుకుంటే భుజం నిలకడగా ఉంటుంది, నిమ్మకాయ నిలుస్తుంది. నడుము బిగిస్తే ఊపు భుజానికి ఎక్కి, మోచేతికి దిగి, నిమ్మకాయ నేల మీద పడుతుంది. "చెయ్యి కదుపుతున్నావు" అని నేను గంటసేపు అరిచినా పిల్లకు నమ్మకం కుదరదు, ఎందుకంటే తన చెయ్యి కదలడం తనకు తెలియదు. నిమ్మకాయ పడితే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, చెంచా చెయ్యి ఊగితే పగ్గం చెయ్యీ ఊగుతోందన్నమాట. గుర్రం నోటికి తగిలే దెబ్బను కంటికి కనిపించేలా చేసే సాధనం ఇంత చవకగా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదని మీకూ తెలుసు. బ్రిటన్‌లో పిల్లల కోసం పోనీ క్లబ్ 1929లో మొదలైంది. 1957లో రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్, ఖరీదైన గుర్రాలు కొనలేని ఇళ్ల పిల్లలు తమ మామూలు పోనీల మీదే జట్లుగా పోటీపడేలా ఒక పోటీ కావాలని అడిగారు. ఆ పని మీద వేసుకున్నది కర్నల్ మైక్ ఆన్సెల్. ఆయనా మీలాగే అశ్వికదళం మనిషి. జెండాల ఆట, మగ్గుల ఆట, కర్రల మధ్య మెలికలు తిరిగే ఆట, ఇవన్నీ ఆ పోటీల్లో పేరు తెచ్చుకున్నవే. అక్కడ కొరడాకు చోటు లేదు, మడమ ముళ్లకూ లేదు. మరీ చిన్న పోనీల మీదికెక్కే పిల్లల బరువుకూ పరిమితి ఉంది. అశ్వికదళంలో పెరిగిన మనిషి ఆటకు అడ్డుచెప్పలేదు. ఆటలోంచి కొరడాను తీసేశారు.

మాస్టారు: మంచి నియమమే. కాదనను. కానీ నువ్వు ఒకటి దాటేస్తున్నావు. పిల్ల మనసంతా నిమ్మకాయ మీద ఉంటే గుర్రం మీద ఎవరి మనసు ఉన్నట్టు? మడమలు కిందికి, చూపు పైకి, మోచేతులు ఒంటికి దగ్గరగా అని మేం రోజూ ఒకటే పాట పాడేది, ఒంటి మీద ధ్యాస కుదిరేదాకా ఒళ్లు మాట వినదని.

శిక్షకురాలు: ఒంటి మీద ధ్యాస పెడితే ఒళ్లు మాట వింటుందన్నది అందరమూ నమ్మిన మాటే. పరీక్షించి చూసినప్పుడు అది నిలబడలేదు. గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు, మరో ఇద్దరితో కలిసి 1998లో ఒక ప్రయోగం ప్రచురించారు. స్కీయింగ్‌లా అటూ ఇటూ జారే యంత్రం మీద నిలబడడం కొత్తవాళ్లకు నేర్పారు. కొందరికి "మీ పాదాల మీద ధ్యాస పెట్టండి" అన్నారు. కొందరికి "పాదాల కింద ఉన్న చక్రాల మీద పెట్టండి" అన్నారు. పాదానికీ చక్రానికీ మధ్య దూరం ఎంతో లేదు. అయినా చక్రాల మీద ధ్యాస పెట్టినవాళ్లే బాగా నేర్చుకున్నారు. తర్వాత ఎన్నో ఆటల్లో, ఎన్నో వయసుల్లో ఈ దిశగానే ఫలితాలు వచ్చాయి. కారణం ఊహకు అందేదే. ఒంటిని ఒక్కొక్క ముక్కగా అదుపు చేయబోతే బిగుసుకుంటుంది, బయట ఒక పని చూపిస్తే ఆ పనికి తగ్గట్టు తనంతట తాను సర్దుకుంటుంది. జెండా తీసుకోవాలన్న పిల్ల "ఇప్పుడు మడమ దించాలి" అనుకోదు. వంగడానికి బలం కావాలి కాబట్టి మడమ దిగుతుంది.

మాస్టారు: స్కీ యంత్రానికి ప్రాణం లేదు తల్లీ. గుర్రానికి ఉంది. చక్రం నీ తప్పును గుర్తుపెట్టుకోదు. గుర్రం గుర్తుపెట్టుకుంటుంది. అందుకే మేం ఒక పనిని అదే పనిగా చేయిస్తాం, పిల్లా గుర్రమూ ఇద్దరూ తప్పు చేయడానికి వీల్లేనంతగా. ఒక వారమంతా నడక నుంచి, దానికంటే జోరైన ట్రాట్‌కు, ఇంకో వారమంతా ట్రాట్ నుంచి ఆగడానికి.

శిక్షకురాలు: గుర్రం గుర్తుపెట్టుకుంటుంది, నిజం. అదే నా భయం కూడా. ఏ మూల దగ్గర మీరు పరుగందుకోమని "కాంటర్" అంటారో స్కూలు గుర్రాలకు నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. ఆ మూలకు రాగానే పిల్ల ఏ సైగ చేయకముందే అవే అందుకుంటాయి. పిల్ల తనే అందుకునేలా చేశాననుకుంటుంది. చూసేవాళ్లకు ఎంత ముచ్చటగా ఉంటుందో! ఇక అదే పనిగా చేయించడం గురించి. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు చేతి కదలికలతో చేసిన ప్రయోగం చాలామంది శిక్షకులు చదివిందే. మూడు రకాల కదలికలను కొందరికి ఒకటి పూర్తయ్యాక ఒకటిగా నేర్పారు, కొందరికి కలగాపులగంగా నేర్పారు. నేర్చుకునేటప్పుడు మొదటి జట్టే మెరుగ్గా కనిపించింది. పది రోజుల తర్వాత పరీక్ష పెడితే రెండో జట్టు ముందుంది. అంటే వరసగా చేయించిన సాధన ఆ రోజుకు అందంగా ఉంటుంది, గుర్తుండిపోయేది తక్కువ. ఇప్పుడు విగ్రహాల ఆట చూడండి. పాట ఆగగానే గుర్రం నిలబడాలి, నాలుగు కాళ్లూ కదలకుండా. పాట ఎప్పుడు ఆగుతుందో పిల్లకూ తెలియదు, గుర్రానికీ తెలియదు. అప్పుడు ఆ నిలుపుదల నిజంగా పిల్ల చెప్పింది, గుర్రం విన్నది.

మాస్టారు: ఒప్పుకుంటాను, మూల దగ్గర గుర్రమే పాఠం చెప్పేస్తుంది. దాన్ని సరిచేయడానికి శిక్షకుడు మూలలు మారిస్తే సరిపోతుంది. ఆట ఎందుకు?

ఇక్కడ శిక్షకురాలు చెప్పబోయేది నా దృష్టిలో ఈ చర్చకంతటికీ ఆయువుపట్టు. గుంపు ఆటల్ని సమర్థించేవాళ్లు సరదా గురించీ జట్టు స్ఫూర్తి గురించీ చెప్పి, ఈ సంగతిని వదిలేయడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

శిక్షకురాలు: మూలలు మారిస్తే సరిపోదు మాస్టారూ, ఎందుకంటే అసలు దాపరికం మూలలో లేదు, వరసలో ఉంది. మన గుంపు తరగతి ఎలా సాగుతుంది? ఆరు గుర్రాలు ఒకదాని వెనక ఒకటి, మధ్యన ఒక గుర్రమంత ఎడం, మైదానం అంచున చుట్లు. గుర్రం మంద జంతువు. ముందున్నది నడిస్తే నడుస్తుంది, ట్రాట్ అందుకుంటే అందుకుంటుంది, ఆగితే ఆగుతుంది. ముందున్న గుర్రం మీది పిల్ల ఒక్కతే స్వారీ చేస్తోంది. వెనక ఐదుగురూ బండిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. నాలుగో స్థానంలో ఉన్న పిల్ల కాలు నొక్కిందా లేదా అన్నది గుర్రానికి అక్కర్లేదు, మూడో గుర్రం తోకే దానికి ఆజ్ఞ. నెలల తరబడి ఇలా తిరిగిన పిల్ల ట్రాట్‌లో లేచి కూర్చోవడం చక్కగా చేస్తుంది, మడమలు దిగే ఉంటాయి, మీరు మార్కులు వేస్తారు. ఆ పిల్లనే "వరసలోంచి తప్పుకుని మైదానం మధ్యకు రా" అనండి. గుర్రం రాదు. పిల్ల పగ్గం లాగుతుంది, గుర్రం మెడ వంచి తల తిప్పుతుంది గానీ కాళ్లు మాత్రం వరసలోనే నడుస్తాయి. అప్పటిదాకా పిల్లకు స్వారీ వచ్చనుకున్నాం. వచ్చింది గుర్రానికి, వెంట నడవడం.

గుంపు ఆటల్లో ఎక్కువ భాగం ఈ ముడినే విప్పుతాయి. మెలికల ఆటలో ఐదు కర్రలు వరసగా పాతి ఉంటాయి. పిల్ల గుర్రాన్ని తోటి గుర్రాల దగ్గర్నుంచి ఒంటరిగా బయటికి తీసుకెళ్లాలి. ఇది గుర్రానికి ఇష్టంలేని పని. చివరి కర్ర చుట్టూ తిరిగాక మొహం మళ్లీ మందవైపు ఉంటుంది. ఇప్పుడు గుర్రం ఉరకబోతుంది, దాన్ని పట్టి ప్రతి కర్ర దగ్గరా వంచాలి. వెళ్లేటప్పుడు కాళ్లతో ముందుకు పంపడం, వచ్చేటప్పుడు కూర్చునే తీరుతో నెమ్మది చేయడం, రెండు వేర్వేరు విద్యలు ఒకే ఆటలో వచ్చాయి. వెనక ఐదు గుర్రాలు నిలబడి ఉండబట్టే ఇది సాధ్యమైంది. ఒంటరి పాఠంలో దీన్ని నేర్పలేం, వదిలి వెళ్లడానికి అక్కడ మంద ఉండదు. నిలబడి ఎదురుచూసే పిల్లలకూ పని ఉంది. తోటి గుర్రం వెళ్లిపోతుంటే తన గుర్రాన్ని కదలకుండా ఆపడం చిన్న పని కాదని మీకు నేను చెప్పాలా? నాలుగు స్తంభాలాటనే నాలుగు శంకువులు పెట్టి నడకలో ఆడిస్తే, ప్రతి పిల్లా తల ఎత్తి మిగతా గుర్రాలు ఎక్కడున్నాయో చూసుకోక తప్పదు. "చూపు పైకి" అని చెప్పే పనే ఉండదు.

మాస్టారు: ఇది బాగుంది. వరస గురించి నువ్వన్నది నిజం, మా సైన్యంలోనూ ఉన్న జబ్బే. అయితే నువ్వు చెప్పిన గుర్రాల మంద స్వభావమే నా పెద్ద అభ్యంతరానికీ మూలం. మన స్కూళ్లలో చాలా గుర్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి? రేసుల నుంచి తప్పించిన థరోబ్రెడ్‌లు. పక్క గుర్రం ముందుకు పోతుంటే దాన్ని దాటమని రెండేళ్ల వయసు నుంచీ నేర్చుకున్న జీవాలు. నువ్వు చెప్పే ఇంగ్లండ్ పిల్లలు ఎక్కేది పోనీలు, భుజం దగ్గర 148 సెంటీమీటర్లకు మించవు. మన పిల్లలు ఎక్కేవి అంతకంటే జానెడు ఎత్తు, పడితే అంత ఎత్తు నుంచి పడతారు. రెండు జట్లు పెట్టి, ఈల వేసి, చుట్టూ తల్లిదండ్రులు చప్పట్లు కొడుతుంటే ఆ గుర్రం మలక్‌పేట రేసుకోర్సులో ఉన్నాననుకోదూ? ఇంగ్లండ్‌లోనే అదే పనిగా పందేలు ఆడిన పోనీలు గీత దగ్గర నిలబడలేక గిరగిరా తిరగడం, తల ఎగరేయడం మామూలే. పిల్లల సరదా తీరింది, గుర్రం పాడైంది. దానికేం చెబుతావు?

శిక్షకురాలు: మీ మాటే సరైనదంటాను. వేగానికి బహుమతి ఇచ్చే ఆట మన గుర్రాలతో, కొత్త పిల్లలతో ఆడించకూడదు. ఇది నేను ఏదో మెట్టు దిగి ఒప్పుకోవడం కాదు, ఆట దేనికి బహుమతి ఇస్తుందో అదే నేర్పుతుంది కాబట్టి చెబుతున్నాను. అందుకని బహుమతిని మారుద్దాం. మన బళ్లలో వార్షికోత్సవానికి స్లో సైకిల్ రేస్ పెడతారు కదా, చివర వచ్చినవాడే గెలిచినట్టు, కాలు కింద పెడితే ఓడినట్టు. గుర్రం మీదా అంతే. నడకలో అందరికంటే ఆలస్యంగా గీత దాటాలి, గుర్రం ఆగితే ఓడినట్టు. ఆగబోతుంటే కాలితో చెప్పాలి, జోరు పెరగబోతుంటే నడుముతో చెప్పాలి, పగ్గం లాగితే గుర్రం ఆగిపోతుంది. రేసు గుర్రానికి ఇది విరుగుడు పాఠం కూడా. మెలికల ఆటలో గడియారం పెట్టను. ట్రాట్‌లో వెళ్లమన్నప్పుడు గుర్రం కాంటర్‌లోకి జారితే అక్కడే ఒక చుట్టు తిరిగి, నెమ్మది చేసి, మళ్లీ మొదలుపెట్టాలి. తొందరపడ్డ జట్టు తొందరపడిన కొద్దీ ఆలస్యమవుతుంది. ఒకే సమయంలో రెండు గుర్రాలు ఒకే దిశలో పక్కపక్కన పరుగెత్తే ఆట నా జాబితాలోనే లేదు. దిగి మళ్లీ ఎగిరి ఎక్కే ఆటలు పోనీల ఎత్తుకు పుట్టినవి, వాటిని మన ఎత్తు గుర్రాల దగ్గరికి తేవడం తెలివితక్కువ.

మిగతా జాగ్రత్తలు మీకు తెలిసినవే. తలకు హెల్మెట్ బిగుతుగా ఉండాలి, బూటుకు మడమ ఉండాలి. తన్నే అలవాటున్న గుర్రం తోకకు ఎర్ర రిబ్బన్ కట్టాలి, అసలైతే దాన్ని ఆటకే తీసుకురాకూడదు. పిల్ల ఒంటికి ఏ తాడూ చుట్టకూడదు. జెండా అయినా రుమాలైనా ముందు రోజే గుర్రానికి చూపించి, దాని మెడకు రాసి, మైదానంలో వదిలి వాసన చూడనివ్వాలి. గుర్రానికి దాదాపు చుట్టూ కనిపిస్తుంది గానీ సరిగ్గా తోక వెనక, ముక్కు కింద కనిపించదు, ఆ గుడ్డి చోట్లలోంచి ఏదీ హఠాత్తుగా రాకూడదు.

మాస్టారు: ఎండ సంగతి కూడా చేర్చు. మార్చి దాటాక ఎనిమిది గంటలకల్లా గుర్రాలు నీడలో ఉండాలి. ఆటల పేరుతో గంటలు పొడిగించేవాళ్లను నేను క్షమించను. బరువు సంగతీ చేర్చు. ఒహాయోలో 2008లో చేసిన అధ్యయనంలో, మోసే బరువు గుర్రం బరువులో ఐదో వంతు దాటి పావు వంతుకు చేరేసరికి గుండె వేగం, కండరాల నొప్పి పెరగడం చూశారు. పిల్లలతో పాటు తండ్రులూ ఒక చుట్టు ఆట ఆడతామంటే ముందు తూకం చూడాలి. సరే, ఇవన్నీ పాటించావనుకుందాం. ఇంకా నా మొదటి ప్రశ్న మిగిలే ఉంది. ఆటలు అశ్వికదళంలో లేవా అంటావు. ఉన్నాయి. దౌడు తీసే గుర్రం మీంచి నేలలో పాతిన మేకును బల్లెంతో పెకలించే నేజాబాజీ మా ఆటే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో అందులో రూపిందర్ సింగ్ బ్రార్ స్వర్ణం గెలిచాడు. కానీ ఆ బల్లెం చేతికిచ్చేసరికి జవానుకు ఆసనం కుదిరిపోయి ఉంటుంది. ముందు ఆసనం, తర్వాత బల్లెం. నువ్వు ఆ వరసను తలకిందులు చేస్తున్నావు.

శిక్షకురాలు: బల్లెం విషయంలో మీ వరసే ఖాయం. కానీ ప్రతి ఆటా బల్లెం కాదు మాస్టారూ. రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే గ్రీకు సేనాని జెనోఫోన్ స్వారీ మీద పుస్తకం రాస్తూ, ఇద్దరు రౌతులు కలిసి సాధన చేయమన్నాడు. ఒకడు ఎగుడుదిగుడు నేల మీద పారిపోతాడు, ఇంకొకడు మొన లేని ఈటెలతో తరుముతాడు. అంటే రౌతు పట్టు కుదిరేది పరిగెత్తే, తిరిగే పనిలోనే అని ఆయన లెక్క. మీరు చెప్పిన వియన్నా బడికే వద్దాం. తాడు చివర తిరిగే గుర్రం మీద పగ్గాలు లేని విద్యార్థి ఏం చేస్తాడు? చేతులు బార్లా చాస్తాడు, నడుము తిప్పుతాడు, కాళ్లు వదులు చేస్తాడు. నా తరగతిలో మొదటి నెల పిల్లకు, గుర్రాల బాగోగులు చూసే సైసు గుర్రాన్ని పట్టుకుని నిలబడితే, కుడి చేత్తో గుర్రం ఎడమ చెవి ముట్టుకోమంటాను, తోక మొదలు ముట్టుకోమంటాను, జీను మీదే కూర్చుని ఒక్కో కాలూ దాటేస్తూ గుండ్రంగా తిరిగి మళ్లీ ముందువైపుకు రమ్మంటాను. అదే వ్యాయామం. ఆరుగురు కలిసి చేస్తే, పిల్లలు నవ్వితే, దానికి ఆట అని పేరు. చెంచా చేతికి ఎప్పుడు ఇస్తాను? ఆ పిల్ల పగ్గాలు గుర్రం మెడ మీద వదిలేసి, చేతులు చాచి, నడకలో మైదానం ఒక చుట్టు తిరిగాక. అప్పటికి చెయ్యి పగ్గం మీద ఆధారపడడం మానేసింది. మీ వరస తప్పలేదు. ప్రతి మెట్టుకూ ఒక ఆట ఉందని మాత్రమే నేనంటున్నాను.

మాస్టారు: ఇంకొక్కటి. ఓడిపోయే పిల్ల మాటేమిటి? భయస్తురాలు, దానికి మొండి గుర్రం దొరికింది. నలుగురి ముందూ నిమ్మకాయ పడింది. రేపటి నుంచి రాదు. డ్రిల్లులో ఎవరూ ఓడిపోరు.

శిక్షకురాలు: డ్రిల్లులోనూ ఓడిపోతారు, మనం పేరు పెట్టి పిలిచి "మళ్లీ తప్పు" అన్న ప్రతిసారీ. కాకపోతే ఆటలో ఓటమి అందరికీ కనిపిస్తుంది, అది నిజం. అందుకే సగం ఆటలో పిల్లలు గుర్రాలు మార్చుకోవాలి. మొండి గుర్రం ఎంత మొండిదో అప్పుడు అందరికీ తెలుస్తుంది, మొదటి పిల్లకు మర్యాద మిగులుతుంది. జట్టు మార్కును చివర వచ్చిన పిల్లను బట్టి లెక్కిస్తే, బాగా చేసే పిల్లలు పక్కన నిలబడి దానికి దారి చెబుతారు. భయం విషయానికొస్తే, బ్రిటన్‌లో వికలాంగులకు స్వారీ నేర్పే సంఘం 1969 నుంచి పనిచేస్తోంది. ఇలాంటి తరగతుల్లో, అటూ ఇటూ ఒక్కో మనిషి తోడు నడుస్తుండగా, కర్రకు రింగు తగిలించడం లాంటి ఆటలు ఆడిస్తారు. రింగు మీద ధ్యాస ఉన్న పిల్లకు భయపడే తీరిక తక్కువ. "భయపడకు" అని చెప్పడం కంటే ఆ పద్ధతి మేలు.

మాస్టారు: గుర్రాన్ని తోమడం, డెక్కలు శుభ్రం చేయడం, జీను కింద పుండు ఉందేమో చూడడం వీటన్నిటికీ ఆట ఉందా? ఆట మరిగిన పిల్ల సరాసరి ఎక్కుతానంటుంది, దిగి పోతానంటుంది.

శిక్షకురాలు: దానికి ఆట లేదు, ఉండక్కర్లేదు. డెక్క ఎత్తి చూడని పిల్ల ఆ రోజు ఆటలో లేదు, అంతే. మీరే నిలబడి చూడండి, ఎవరెక్కాలో మీరే చెప్పండి.

ఇద్దరి మాటలూ ఇక్కడికి ఆపి, నా తీర్పు చెబుతాను. వరస గురించి శిక్షకురాలు చెప్పినదానికి మాస్టారి దగ్గర జవాబు లేదు. నాకు తెలిసినంతలో ఎవరి దగ్గరా లేదు. గుంపు తరగతిలో గుర్రాల మంద స్వభావం పిల్ల అసమర్థతను కప్పిపెడుతుంది, దాన్ని గుంపులోనే విప్పాలి, అందుకు నియమం ఉన్న ఆట కంటే సులువైన, నొప్పి లేని మార్గం లేదు. వేగం గురించి మాస్టారు చెప్పినదానికి శిక్షకురాలి దగ్గర జవాబు ఉంది, కానీ ఆ జవాబు ఖర్చుతో కూడినది. ప్రతి ఆటకూ కన్నేసి ఉంచే మనిషి కావాలి, గుర్రాలను పట్టుకునే సైసులు కావాలి, జెండాకు గుర్రాన్ని అలవాటు చేసే సమయం కావాలి. ఒకే శిక్షకుడు ఎనిమిది గుర్రాలను చూసుకునే స్కూల్లో ఆటలు ఆడించకూడదు, అక్కడ మాస్టారి డ్రిల్లే క్షేమం. బహుమతి వేగానికి వెళ్లే ఆటల విషయంలో నేను పూర్తిగా మాస్టారి పక్షం. వార్షికోత్సవాల్లో ఫోటోల కోసం కొత్త పిల్లల చేత రేసులు పెట్టించడం పిల్లలకూ గుర్రాలకూ చేసే అన్యాయం, అది ఆగాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. మీ పిల్లల స్కూల్లో ఆటలు ఉన్నాయా అని అడిగి ఊరుకోకండి. ఆటలో కొరడా వాడనిస్తారా అని అడగండి. చెప్పిన నడకను గుర్రం తప్పితే ఏం చేస్తారని అడగండి. మైదానంలో ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలు ఉంటారని అడగండి. తర్వాత ఒక ఉదయం వెళ్లి కంచె బయట నిలబడి, పిల్లల్ని కాసేపు మరచిపోయి గుర్రాల్ని చూడండి. ఆట సాగుతున్నంతసేపూ వాటి తలలు కిందికి, నిదానంగా ఉంటే ఆ స్కూల్లో ధైర్యంగా చేర్పించండి. తలలు ఎగరేస్తూ, నోళ్లు తెరుస్తూ, తోకలు విసురుతూ ఉంటే ఫీజు ఎంత తక్కువైనా మీ పిల్లను అక్కడికి పంపకండి.